తాటాకు చేదలో నిప్పు

ఆకుబుట్టలో నిప్పు పెట్టుకుని సముద్రం దాటి వచ్చిన ఒక స్త్రీ గురించి మా రోటె ద్వీపంలో పాత పాట ఒకటి ఉంది. అందులో ప్రతి సంగతినీ రెండు సార్లు చెప్తారు. ఆకు కాలలేదు, ఆకు వాడలేదు. నడిసముద్రంలో బొంగు పలికింది, బొంగు పిలిచింది. అలా సాగుతుంది. నేను బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఆ పాట వచ్చిన ప్రతిసారీ పిల్లలతో, "ఇవన్నీ పాటకి పెట్టిన సొగసులు. నిజానికి ఆకు కాలిపోతుంది, వెదురు మాట్లాడదు" అనేవాణ్ణి. వాళ్ళు బుద్ధిగా రాసుకునేవాళ్ళు. ఒక ఏడు పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను.

అందుకే ఆ ఆగస్టు చివర, తిమోర్ పడమటి మొనలో తెల్లవారుతుండగా, వెదురు తెప్ప మీద కూర్చుని, నిప్పున్న తాటాకు చేదని ఒళ్ళో పట్టుకున్నప్పుడు నాకు కొంచెం సిగ్గుగానే అనిపించింది.

ఆ పాట తోబియాస్ మామ వంశానిది. ఆయన నా భార్య దోర్కాస్‌కి మేనమామ. మేనమామంటే మా దగ్గర పుట్టినప్పటి నుంచి పోయేదాకా పక్కన నిలబడాల్సిన మనిషి. నాలుగేళ్ళ కిందట దోర్కాస్ పోయినప్పుడు శవపెట్టెకి పలకలు కోసింది ఆయనే. పదిహేనో ఏట తాటిచెట్టెక్కాడనీ, ఇంకా దిగలేదనీ ఊళ్ళో అంటారు. ఇప్పుడు డెబ్భై మూడేళ్ళు. ఎడమ కంటికి పొర వచ్చాక ఆయన మనవరాలు ఓర్పా ఒట్టు వేయించుకుంది. తాటిచెట్లు గీసి నీరా దించే గీతకాలాల్లో వచ్చేదే ఆఖరుది. ఆ తర్వాత మోకు పట్టకూడదు.

గీతకాలం మొదలయ్యే రోజు నీరా కాయడానికి కొత్త పొయ్యి తవ్వి, కొత్త నిప్పు వేస్తాం. ఇప్పుడందరూ అగ్గిపుల్లే గీస్తున్నారు. మామ మాత్రం తన ఆఖరి పొయ్యికి, పాటలో చెప్పినట్టు సముద్రం దాటి వచ్చిన నిప్పే కావాలన్నాడు. 

జావా నుంచి లెస్తారి అనే పరిశోధకురాలు రాకపోతే అది కోరికగానే మిగిలిపోయేది. అరవై వేల ఏళ్ళ కిందటి మనుషులు ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి ఎలా దాటుకుంటూ పోయారో, ఆనాటి పనిముట్లతోనే దాటి చూడాలని ఆమె వచ్చింది. తిమోర్‌కీ రోటెకీ మధ్య ఉన్న పుకుఅఫు జలసంధిని ఎంచుకుంది. ఇనుము కూడదు, అగ్గిపెట్టె కూడదు, ప్లాస్టిక్ కూడదు. వెనకాల ఇంజను పడవలో ఆమె వస్తుంది. ప్రాణం మీదికొస్తే తాడు విసురుతుంది. ఆ తాడు పట్టుకుంటే ప్రయత్నం అక్కడితో సరి. ఆమెకిచ్చిన అనుమతి నెలాఖరుతో ముగుస్తుంది. కోసిన వెదురు ఇంకో ఏడాదికి పురుగు పట్టిపోతుంది. రెండోసారి అనేది లేదు.

"తాడు పట్టుకుంటే అది ఇంజను తెచ్చిన నిప్పు. దానికంటే అగ్గిపుల్లే నయం," అన్నాడు మామ. ఆ మాట అన్నాక ఆయన మూడు నెలలు తెప్ప పని తప్ప వేరే ఊసెత్తలేదు.

మొదటి నెలంతా రాళ్ళతోనే గడిచింది. ఏటి గులకరాయిని ఇంకో రాయితో సరైన చోట, సరైన వాలుగా కొడితే గాజులాంటి పెచ్చు ఊడి వస్తుంది. నేను కొట్టిన మొదటి పెచ్చు నా బొటనవేలిని తెగ్గోసేదాకా నాకు నమ్మకం కుదరలేదు. అంత పదును ఆ రాయి కడుపులో ఎన్ని వేల ఏళ్ళ నుంచి ఊరికే కూర్చుని ఉందో! వేలికి ఆకుపసరు రాసుకుంటూ ఆ పెచ్చుని ఎండకి ఎత్తి చాలాసేపు చూశాను. అంచు దగ్గర వెలుతురు లోపలికి దూరి తేనెరంగులో నిలిచింది. దాంతో గడ్డం గీసుకుందామని మొదలుపెడితే ఓర్పా లాక్కుంది.

"ఒక వేలు చాలు మాస్టారూ. మొహం ఉండనివ్వండి," అంది.

రాతిగొడ్డలితో ఒక్కో వెదురు బొంగు పడెయ్యడానికి ఒక పూట పట్టేది. తెప్పకి ఎనభై బొంగులు కావాలి. ఓర్పాకి మేనబావ మెల్కి అని ఒకడున్నాడు. ఎద్దులాంటి మనిషి, చేతితో సమానంగా నోరూ నడుస్తుంది. వాడు చెమట తుడుచుకుంటూ, "ఆ కాలంలో పెళ్ళాం మీద అలిగి ఇల్లొదిలి పోదామనుకున్నోడికి, తెప్ప తయారయ్యేసరికి కోపం పోయుంటుంది," అన్నాడు.

"అందుకే పెళ్ళాన్ని కూడా ఎక్కించుకుని పోయాడు బావా," అంది ఓర్పా తలెత్తకుండానే.

బొంగుల్ని రెండు వరసలుగా పేర్చి కట్టడం మొత్తం మామ పని. తాటిమట్ట చీల్చి తీసిన నార. ఆయన వేసిన ముడిని చూడటానికే పక్క ఊళ్ళ వాళ్ళు వచ్చేవారు. నారని మూడు రోజులు ఎండలో ఎండబెట్టి, కరకరలాడుతున్నప్పుడు కట్టేవాడు. చెట్టు గీసే వాళ్ళందరూ అలాగే కడతారు. గెలని తడినారతో కడితే అది ఎండి బిగుసుకుని గెలని కోసేస్తుంది, నీరా ఆగిపోతుంది. అందుకని పొడినార అనేది వాళ్ళ వేళ్ళలోనే ఉంది.

ఆయన కడుతుంటే నేను పక్కనే కూర్చుని నార అందించాను. నాకు ఒక సందేహం రాకపోలేదు. అడగలేదు. చెట్టెక్కడం రానివాడు ముడి గురించి మాట్లాడటం మా దగ్గర మర్యాద కాదు. పైగా నేను ఎవరితోనూ గట్టిగా మాట్లాడే మనిషిని కాను. దోర్కాస్ ఉన్నప్పుడు నా తరఫున ఆ పని ఆవిడే చూసుకునేది.

నిప్పుకి చేద కావాల్సి వస్తే మా ఇంట్లోంచి తెచ్చాను. దోర్కాస్ చేతి చేద అది. ఒక్క తాటాకుని విసనకర్రలా మడిచి, రెండు కొసలూ దగ్గరికి లాగి నారతో కట్టి, పైన పుల్ల గుచ్చితే చేద అవుతుంది. ఆవిడ కట్టినవి ఆరు మిగిలాయి. నూతికి పోయే పని లేకపోయినా రోజూ పొద్దున్నే ఆ ఆరింటినీ తొట్టిలో ముంచి తీసి నీడన వేలాడదీస్తాను. ఎండితే చీలిపోతాయి. లోపల వేలెడు మందాన బంకమట్టి మెత్తి, కొబ్బరిపీచు కూరి, దాని మధ్య తాటిమట్ట బొగ్గు కణికలు పెట్టి, పైన మూత వేశాం. తెప్పని ఓడలో తిమోర్ ఒడ్డుకి చేర్చాక, రెండు వెదురు బద్దలు రాపిడి చేసి ఆ నిప్పు పుట్టించడానికి మెల్కికి పొద్దున పావుగంట పట్టింది. బరువు పని చేతకానివాణ్ణి గనక నిప్పు కాపలా నాకిచ్చారు.

బయలుదేరే ముందు అలవాటు కొద్దీ చేదని అడుగు నుంచి అంచు దాకా సముద్రపు నీళ్ళతో తడిపాను.

మామ, ముందు కొమ్ములా లేచి ఉండే తన తాటాకు టోపీ సర్దుకుంటూ చూశాడు. "నిప్పు పెట్టిన చేదని తడుపుతావేంటి మాస్టారూ? కుపాంగ్ పట్నం కాలేజీలో నీకు చెప్పింది ఇదేనా?"

"అలవాటు మామా."

"మంచి అలవాటే. రేపు దీపాన్ని కూడా నీళ్ళలో ముంచు," అన్నాడు. మెల్కి తెడ్డు కింద పడేసి నవ్వాడు.

నలుగురం కూర్చున్నాం. ముందు మెల్కి, వెనక ఓర్పా తెడ్లు పట్టారు. మామ మధ్యలో, ఆయన ఎదురుగా నేను. వెదురు గొట్టాల్లో మంచినీళ్ళు, తాటిపాకం, కాసిని ఎండుచేపలు. మామ తలకింద పెట్టుకునేట్టు నాలుగు చుట్టల పొడినార. లెస్తారి పడవ వెనక నుంచి, రెండు మూడు అలల దూరం పాటిస్తూ కదిలింది.

ఒడ్డు వెనక్కి జరిగింది. తెప్ప అలలకి ఎదురు తిరగదు. పడవలాగా కోసుకుని పోదు. అల కిందికి వచ్చి, బొంగుల మధ్య నుంచి లోపలికి చూసి, అవతలి వైపు దిగిపోతుంది. సముద్రమే మనిషిని అరచేతిలో పెట్టి మోస్తున్నట్టు ఉంటుంది. నేను ఈ జలసంధిని ఓడలో నూరుసార్లు దాటి ఉంటాను. ఇంత దగ్గరగా నీటి రంగు ఎప్పుడూ చూడలేదు. ఒడ్డు దగ్గర పాచిరంగు, తర్వాత నెమలికంఠం, ఆ తర్వాత పేరు పెట్టలేని నీలం. ఆ నీలంలో లోతుకి అంతు లేదని శరీరానికి తెలుస్తూ ఉంది.

రెండు గంటలు గడిచాక మెల్కికి మాట వచ్చింది. "దక్షిణం వైపు లాగుతోంది ఓర్పా. మన రోటె మొన దాటిపోతే తర్వాత ఏం వస్తుంది?"

"ఆస్ట్రేలియా."

"అయ్యో, పాస్‌పోర్టు ఇంట్లో మర్చిపోయానే."

"నిన్ను చూసి వాళ్ళే ఒకటి అచ్చేసి ఇస్తారు, ఎక్కడికైనా పొమ్మని. తెడ్డు వెయ్యి బావా."

ఓర్పా సముద్రపు నాచు పెంచుతుంది. నీళ్ళు ఎప్పుడు ఏ వైపు మళ్ళుతాయో ఆ పిల్లకి తెలిసినట్టు మాకెవరికీ తెలియదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా నీటి ఒరవడి దక్షిణానికి లాగుతుందనీ, ఆ తర్వాత కాసేపు నిలబడి వెనక్కి తిరుగుతుందనీ చెప్పింది. ఆ లోపల మొన దాటి పోకుండా ఉంటే చాలు, నీళ్ళే మమ్మల్ని ఒడ్డుకి తోస్తాయి.

ముందుగా నాకే తెలిసింది. రెండు బొంగులు నా తొడని గిల్లాయి. జరిగి కూర్చున్నాను. మళ్ళీ గిల్లాయి. కిందికి చూస్తే పొద్దున వెంట్రుక దూరనంత సందున్న చోట ఇప్పుడు నా చెయ్యి దూరుతోంది. ఆ సందులోంచి ఆ నీలం కనిపించింది.

"మామా," అన్నాను.

ఆయన అప్పటికే కుడి అంచు దగ్గరికి పాకి ముడిని తడుముతున్నాడు. రాత్రికి రాత్రి ముసలివాడైన మనిషిలా కనిపించాడు. "వదులైంది," అన్నాడు. "అన్నీ వదులవుతున్నాయి."

ముడిలో పుల్ల పెట్టి మెలితిప్పి బిగించబోయాడు. రెండు తిప్పులు తిరిగాక నార పుటుక్కున తెగింది. ఇంకోటీ అంతే. నానిన ముడి విప్పడానికి రాదు. కోస్తే మళ్ళీ కట్టడానికి పొడవు చాలదు. బయటి బొంగు ఒకటి జానెడు ముందుకి జారి, వచ్చిన ప్రతి అలకీ తల ఊపుతోంది.

"చుట్టలు ఇటివ్వండి," అని ఆయన పొడినార ఒకటి విప్పాడు. "కొత్తవి వేసేద్దాం. ఓర్పా, తెప్పని అలకి అడ్డం తిప్పకు."

నా ఒళ్ళో చేద ఉంది. దాని మెడ దగ్గర దోర్కాస్ వేసిన ముడి ఉంది. నా బొటనవేలు దాని మీదే ఆనుకుని ఉంది. నాలుగేళ్ళుగా రోజూ తడుస్తున్న ముడి. పొద్దున్నుంచి ఉప్పునీళ్ళు దాని మీద చిందుతూనే ఉన్నాయి. వెంట్రుకంత కూడా కదల్లేదు. పెళ్ళైన కొత్తలో నేనొకసారి తొందరపడి పొడినారతో చేద కట్టబోతే, ఆవిడ నా చేతిలోంచి లాక్కుని కుండలో పడేసింది. "ముందు దానికి దాహం తీర్చండి. పని తర్వాత చెబుదురుగాని," అంది.

"మామా, ఆగండి. పొడినారతో కట్టకండి."

ఆయన తల తిప్పలేదు.

"నానబెట్టి కట్టాలి మామా. పొడిగా కడితే ఇదీ గంటలో వదులైపోతుంది. నీళ్ళు తాగి సాగుతుంది."

"యాభై ఎనిమిదేళ్ళు చెట్టెక్కినోడికి ముడి నేర్పుతావా నువ్వు?"

"నేను కాదు," అన్నాను. చేద ఆయన ముందు పెట్టాను. "ఇది పట్టుకుని చూడండి."

విసుగ్గానే వేలు పెట్టాడు. తర్వాత రెండో వేలు పెట్టాడు. మంచి కన్ను దగ్గరగా తెచ్చి చూశాడు. గోటితో లాగాడు. ముడి రాయిలా ఉంది.

"ఇది దోర్కాస్ కట్టిందా?"

"అవును."

"తడిపి కట్టేదా?"

"తడిపి కట్టి, తడిగానే ఉంచేది."

"బతికున్నన్నాళ్ళూ ఆ పిల్ల నాకు ఒక్క మాట చెప్పలేదే," అన్నాడు.

"మీరు అడగలేదు మామా."

"నువ్వడిగావా?"

"నేనూ అడగలేదు. లాక్కుని చేసేసింది."

మామ నాలుగు చుట్టల్నీ ఒక తాడుకి గుచ్చి సముద్రంలోకి విసిరాడు. అవి మా వెనక తేలుతూ వచ్చాయి. ఎంతసేపు నానాలి అని ఆయన అడిగితే, అన్నం ఉడికి వార్చేంతసేపు అన్నాను. దోర్కాస్ లెక్క అది. ఇంత ముతక నారకి గంట పడుతుందనిపించి, "ఇంకొంచెం ఎక్కువే," అన్నాను.

ఆ గంట తెప్ప విడిపోకుండా ఆపడానికి మా దగ్గర మా శరీరాలు తప్ప ఏమీ లేవు. మెల్కి ఎడమ అంచున బోర్లా పడుకుని బయటి బొంగుని కావలించుకున్నాడు. మామ కుడి అంచున. నేను మధ్యలో అడ్డంగా పడుకుని రెండు చేతులూ చాపి ఒక చేత్తో మామ నడుముకి కట్టిన గుడ్డ, ఇంకో చేత్తో మెల్కి మోచెయ్యి పట్టుకున్నాను. చేద నా మొహానికి ఎదురుగా ఇరికించాను. ఊపిరి దానికే తగులుతోంది. ఓర్పా ఒక్కతే తెడ్డు పట్టి తెప్ప ముక్కు తిరగకుండా చూస్తోంది.

ఇంజను చప్పుడు దగ్గరైంది. "తాడు విసరమంటారా?" అని లెస్తారి గొంతు.

ఓర్పా తెడ్డు ఆపింది. "తాతా, ఒక్క మాట చెప్పు. నీకు నిప్పు ముఖ్యమా, మేమా?"

"మీరే," అన్నాడు మామ వెంటనే. బొంగు మీద చెంప ఆనించి ఉండటం వల్ల మాట నలిగి వచ్చింది. "ఆ అమ్మాయిని తాడు చేతిలో పట్టుకుని ఉండమను. నా చేతిలోంచి ఈ బొంగు ఊడితే విసరమను. ఊడేదాకా వద్దను."

ఓర్పా ఆ మాట కేక వేసి చెప్పింది. ఇంజను ఆగింది. పడవ మాతో పాటే నీళ్ళ మీద ఊగుతూ ఉండిపోయింది. అంత దగ్గరికి వచ్చి కూడా తాడు విసరకుండా నిలబడగలిగిన ఆ అమ్మాయికి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఒక అల మా మీదుగా దాటింది. చేదలో సుయ్యిమని శబ్దం. ఆవిరి నా కళ్ళలోకి కొట్టింది. మూత తీసి చూద్దామంటే చేతులు ఖాళీ లేవు. తీస్తే ఇంకో అల దాని పని పూర్తి చేస్తుంది. ఊపిరి మాత్రం వదులుతూ ఉన్నాను, మెల్లగా, చంటిపిల్ల నిద్ర చెడకుండా విసురుతున్నట్టు.

ఇంజను ఆగాక నిశ్శబ్దం ఎంత పెద్దదో తెలిసింది. నా చెవి బొంగుకి ఆని ఉంది. మొదట నీళ్ళ గలగల. తర్వాత దాని అడుగున ఇంకేదో. అది వినిపించడానికి ముందు నా పళ్ళలో తెలిసింది. చర్చిలో పెద్దగంట కొట్టాక, చప్పుడు పోయి గోడలో మిగిలే అదురులాగా. కణుపు నుంచి కణుపుకి ఆ అదురు పాకుతూ వచ్చింది. ఒక్కో గదిలో ఒక్కో స్వరం. పొడవుగా కిందికి దిగి, ఆగి, మళ్ళీ పైకి లేచింది. ఎనభై బొంగులూ పలికాయి.

మెల్కి మోచెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

మళ్ళీ పలికింది. ఈసారి ఇంకో దిక్కు నుంచి ఇంకోటి బదులిచ్చింది.

"తాతా, అటు చూడు," అంది ఓర్పా, గుడిసెలో పసిపిల్ల పడుకున్నప్పుడు మాట్లాడే గొంతుతో. నేను తల ఎత్తలేను. మామ చూడగలడు గాని చూడలేదు. కళ్ళు మూసుకుని వింటున్నాడు. కొంత దూరంలో పెద్ద నిట్టూర్పు వినపడింది. కాసేపటికి సన్నటి తుంపర మా వీపుల మీద పడింది. చేపవాసన వేసింది. తిమింగలం ఊపిరి అది. ఒకటి కాదు, మూడో నాలుగో. దక్షిణానికి పోతున్నాయి. మేం వాటికి అడ్డు కాదు, విశేషం కూడా కాదు. ఒక తాటాకు పడి తేలుతున్నట్టు పక్క నుంచి పోయాయి.

బొంగు పలికింది, బొంగు పిలిచింది.

తెడ్లు వేస్తూ కూర్చుని ఉంటే మాకది వినపడేది కాదు. అలల చప్పుడే వినపడేది. బొంగుకి చెవి ఆనించి కదలకుండా పడుకుంటే తప్ప తెలియదు. నడిసముద్రంలో తెప్ప మీద అలా పడుకోవాల్సిన అవసరం ఎవరికి వస్తుంది? ఆ పాట కట్టినవాళ్ళకి వచ్చింది. వాళ్ళ ముడులు కూడా వదులయ్యాయి. పొడినారతో కట్టారు వాళ్ళు కూడా. చేతులు చాపి ఒకరినొకరు పట్టుకుని, మా లాగానే, ఈ నీళ్ళ మీదే, ఈ ఎండలోనే పడుకున్నారు. అవతల ద్వీపం ఉందని మాకు తెలుసు, దాని మీద మా ఇళ్ళున్నాయి. వాళ్ళకి అక్కడేముందో తెలియదు. ఎప్పుడో ఒకనాడు ఆకాశం అంచున పొగ కనిపించి ఉంటుంది. సాయంత్రాలు పిట్టలు అటు పోవడం చూసి ఉంటారు. అంతమాత్రానికే పిల్లల్ని ఎక్కించుకుని బయలుదేరారు. ఆ పిల్లల్లో ఒకరి పిల్లల పిల్లలం మేం. నేను బడిలో నల్లబల్ల ముందు నిలబడి అదంతా సొగసని చెప్పాను.

"వింటున్నావా మాస్టారూ?" అన్నాడు మామ కళ్ళు తెరవకుండా.

"వింటున్నాను మామా."

"మరి పరీక్షలో నాకెన్ని మార్కులేస్తావు?"

నవ్వొచ్చింది. కన్నీళ్ళూ వచ్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఉప్పునీళ్ళ మధ్య ఎవరికీ తెలియలేదు. అదీ ఒక దయే.

నార నానింది. మామ ఒక పోగు తీసి వేళ్ళ మధ్య లాగి చూసి, మొదటిసారి తన చేతులకి అలవాటు లేని ముడి వేశాడు. జారే నార, ఒక్క కంటి చూపు. ఓర్పా, మెల్కి కాళ్ళు తన్నిపెట్టి బొంగుల్ని దగ్గరికి నొక్కితే, నేను నార లాగి పట్టుకుంటే, ఆయన కట్టాడు. పన్నెండు ముడులు. ఆఖరుది కట్టాక బొంగుల మధ్య సముద్రం కనిపించడం మానేసింది.

అప్పటికి రోటె మొన మాకు ఎదురుగా కాదు, పక్కకి ఉంది. ఎండ నడినెత్తి దాటింది. మెల్కి మామ వైపు చూశాడు, మామ ఓర్పా వైపు చూశాడు. ఓర్పా చెయ్యి నీళ్ళలో పెట్టి కూర్చుంది.

"ఆగింది," అంది. ఇంకాసేపటికి, "తిరుగుతోంది. వెయ్యి బావా, ఇప్పుడు వెయ్యి! అలిసిపోయానంటే నెత్తిన తెడ్డు పడుద్ది!"

ఇద్దరూ తెడ్లు వేశారు. నాకు తెడ్డు లేదు, పాకం గొట్టం మూత తీసి ఇద్దరి నోళ్ళలో మార్చిమార్చి పోశాను. మధ్యాహ్నం మూడు దాటాక మొన లోపలి వైపు, నత్తగుల్లలు తప్ప ఏమీ లేని చిన్న రాతి ఒడ్డుకి తెప్ప తగిలింది. తగిలిన చప్పుడు ఇప్పటికీ నా అరికాళ్ళలో ఉంది.

లెస్తారి పడవ దిగి పరిగెత్తుకుంటూ వచ్చి, కొలత టేపు పక్కన పడేసి మామ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, చూపు మాత్రం నా వైపే ఉంచాడు.

చేదని చదును రాయి మీద పెట్టి మూత తీశాను. పైన తడిసిన బూడిద, నల్లటి ముద్ద. కొబ్బరిపీచు చల్లగా ఉంది. ఊదాను. ఏమీ లేదు. పీచుని పొరలు పొరలుగా తీసి పక్కన పెట్టాను. ఇంకోసారి ఊదాను. బూడిద లేచి మామ గడ్డం మీద వాలింది. మెల్కి మొహం తిప్పుకున్నాడు.

"అడుగున చూడండి మాస్టారూ, మట్టికి అంటుకుని," అంది ఓర్పా.

అడుగున, బంకమట్టి గోడ పక్కన, నివురు కింద జొన్నగింజంత ఎరుపు. మొదట నా కళ్ళే ఎర్రబడ్డాయనుకున్నాను. ఊపిరి తగిలితే అది పెద్దదయ్యింది, వదిలితే చిన్నదయ్యింది. మామ తన నడుముకి కట్టుకున్న వెదురు గొట్టంలోంచి పొడి తాటిపీచు చిటికెడు తీశాడు. ఆ ఒక్కదాన్నే ఆయన ఆ రోజంతా పొడిగా దాచాడు. అంటించాడు. పొగ వచ్చింది. తర్వాత చిన్న మంట.

చేదకి బయట ఆకు తడిగా, పచ్చగానే ఉంది.

గీతకాలం మొదలైన పొద్దున మామ చెట్టెక్కాడు. కింద ఓర్పా మోకు వంకే చూస్తూ నిలబడింది. ఆయన నీరా దించి, అప్పటిదాకా ఆరకుండా కాచుకున్న ఆ నిప్పుతో వెలిగించిన పొయ్యి మీద పెట్టాడు. పాకం వాసన ఊరంతా పాకింది. మొదటి గరిటె తీసి చిప్పలో పోసి నాకిచ్చాడు.

"దోర్కాస్ చేదలు ఇంకెన్ని ఉన్నాయి?" అని అడిగాడు.

"ఇది కాక అయిదు."

"రోజూ తడుపుతావని ఓర్పా చెప్పింది. ఇంట్లో కొళాయి ఉందిగా, వాటితో పనేంటి నీకు?"

"ఎండితే చీలిపోతాయి మామా."

ఆయన పొయ్యి పక్కన పెట్టిన నిప్పు చేద వైపు చూశాడు. సెగకి దాని అంచు తెల్లబడుతోంది. లేచి, కుండలోంచి కొబ్బరిచిప్పతో నీళ్ళు తీసుకుని వచ్చి, ముడి దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిప్పుతూ మెల్లగా పోశాడు.